ఆరు శాతము లెక్క: కొఠారీ నివేదికపై ఒక విమర్శ

1964 జూలై 14వ తేదీన భారత ప్రభుత్వము ఒక విద్యాసంఘమును నియమించినది. ప్రాథమిక పాఠశాల మొదలు విశ్వవిద్యాలయము వరకు దేశమునందలి విద్యావ్యవస్థను పరిశీలించి, దానిని బాగుచేయు మార్గములను సూచించుట ఆ సంఘమునకు ఒప్పగించిన పని. అధ్యక్షుడు డాక్టర్ దౌలత్ సింగ్ కొఠారీ, కార్యదర్శి జె. పి. నాయక్. దాదాపు రెండు సంవత్సరములు పనిచేసి, 1966 జూన్ 29వ తేదీన సంఘము తన నివేదికను అప్పటి కేంద్ర విద్యామంత్రి ఎం. సి. చాగ్లాకు సమర్పించినది. ‘విద్య, జాతీయాభివృద్ధి’ అని దానికి పేరు. కాని జనులకు అధ్యక్షుని పేరే గుర్తు. కావున అది కొఠారీ నివేదికగనే ప్రసిద్ధికెక్కినది.

ఉన్నత పాఠశాలలలో పనిచేయు ఉపాధ్యాయులలో ఈ పెద్ద గ్రంథమును చదివినవారు కొద్దిమందియే కావచ్చును. అయినను అందులోని రెండు మాటలు అందరికిని తెలియును. ఒకటి, పది సంవత్సరముల పాఠశాల, రెండు సంవత్సరముల ఇంటర్మీడియెట్, మూడు సంవత్సరముల డిగ్రీ అను విధానము. రెండవది, జాతీయాదాయములో ఆరు శాతము విద్యపై వ్యయము చేయవలెననునది. మొదటి మాట ఆచరణలోనికి వచ్చినది. రెండవ మాట ఆరు దశాబ్దములుగ ప్రతి విద్యావిధాన పత్రములోను మరల మరల కనిపించుచునే యున్నది, కాని నెరవేరలేదు. ఇట్లు నెరవేరకపోవుటకు ప్రభుత్వములనే తప్పుపట్టుట వాడుక. ఆ నిందలో న్యాయము లేకపోలేదు. కాని నివేదిక కట్టిన లెక్కలోనే కొంత దౌర్బల్యము ఉన్నదేమో అని పరిశీలించుటయు విమర్శకుల విధి. విజ్ఞానశాస్త్ర బోధనకు సంబంధించినంతవరకు ఈ పరిశీలన మిక్కిలి అవసరము. ఏలయనగా బడికి వచ్చు సొమ్ము తగ్గినప్పుడు మొదట మూతపడునది ప్రయోగశాల తలుపే.

విజ్ఞానశాస్త్రమునకు ఇచ్చిన స్థానము

ముందుగ నివేదికలోని గుణములను చెప్పుట న్యాయము. కొఠారీ స్వయముగ భౌతికశాస్త్రవేత్త. అలహాబాదులో మేఘనాద్ సాహా శిష్యుడు. కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో పనిచేసినవాడు. శ్వేతవామన నక్షత్రముల లోపల అత్యధిక పీడనము వలన పదార్థమునకు కలుగు మార్పులపై ఆయన పరిశోధనలు పేరొందినవి. 1948 నుండి 1961 వరకు రక్షణశాఖకు వైజ్ఞానిక సలహాదారుగను, 1961 నుండి 1973 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు అధ్యక్షుడుగను ఉండెను. సంఘములో విదేశీయులును సభ్యులు. వారిలో అమెరికా దేశీయుడగు రోజర్ రెవెల్ సముద్రశాస్త్రవేత్త. గాలిలో కార్బన్ డయాక్సైడు పెరుగుదలను గురించి 1957లోనే హెచ్చరించినవారిలో ఒకడు. ఇట్టివారు కూర్చుండి వ్రాసిన నివేదికలో విజ్ఞానశాస్త్రమునకు పెద్దపీట దొరకుట సహజము.

దొరకినది కూడ. మొదటి పది సంవత్సరముల చదువులో గణితమును, విజ్ఞానశాస్త్రమును ప్రతి విద్యార్థియు తప్పనిసరిగ నేర్వవలెనని సంఘము చెప్పినది. అంతకుముందు అనేక పాఠశాలలలో ఇవి కొందరికి మాత్రమే పరిమితమైన ఐచ్ఛిక విషయములు. గ్రామములలో విజ్ఞానశాస్త్రమును వ్యవసాయముతోను, పట్టణములలో పరిశ్రమలతోను జోడించి బోధింపవలెనని సూచించినది. చిన్న తరగతుల బడిలో కనీసము ఒక ‘విజ్ఞాన మూల’, పై తరగతుల బడిలో పాఠమును ప్రయోగమును ఒకేచోట జరుపుటకు వీలగు ఒక గది ఉండవలెనని చెప్పినది. ప్రయోగశాలలు, గ్రంథాలయములు సంవత్సరము పొడవునను తెరచియుంచి, దినమునకు కనీసము ఎనిమిది గంటలు వాడవలెనని హితవు పలికినది. పేదదేశములో ఒక సూక్ష్మదర్శినిని కొని బీరువాలో పెట్టి తాళము వేయుటకన్న దుబారా వేరొకటి లేదని ఈ సూచనకు అర్థము.

ఇంకొక మంచి ఆలోచన పాఠశాలల సముదాయము. ఒక ఉన్నత పాఠశాల చుట్టునున్న ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలన్నియు దానితో కలిసి ఒక కుటుంబమువలె పనిచేయవలెను. ఒక బడిలోని పరికరములు తక్కిన బడులకును ఉపయోగపడవలెను. తెలుగు జిల్లాలలోని ఉపాధ్యాయులకు ‘స్కూలు కాంప్లెక్సు’ అను మాట ఏనాటినుండియో పరిచితమే. అయితే అది ఎక్కువగ సమావేశము జరుగు చోటుగనే తెలియును. పరికరములు చేతులు మారు చోటుగ తెలియుట అరుదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఈ ఆలోచననే మరల పైకి తీసినది.

పై సూచనలన్నిటిని ఒక్కచోట చేర్చి చూచినచో ఒక విషయము తేటపడును. ప్రయోగము లేని విజ్ఞానబోధనను ఈ సంఘము బోధనగనే ఎంచలేదు. ఇక ఆ ప్రయోగమునకు డబ్బు ఎట్లు వచ్చునని అది తలచినదో చూడవలెను.

12 రూపాయలు, 54 రూపాయలు

ఆర్థికాంశములను నివేదిక తన చివరి అధ్యాయములో చర్చించినది. 1965-66లో దేశము విద్యపై చేసిన వ్యయము జాతీయాదాయములో 2.9 శాతము. తలకు లెక్కించినచో 12 రూపాయలు. 1985-86 నాటికి ఇది 6 శాతమునకు, తలకు 54 రూపాయలకు పెరుగవలెనని సంఘము ప్రతిపాదించినది. ధరల పెరుగుదలను ఇందులో కలుపలేదు. రెండు అంకెలును 1965-66 ధరలలోనివే.

ఇరువది సంవత్సరములలో నాలుగున్నర రెట్లు. ఈ పెంపు ఎక్కడనుండి వచ్చును? విద్యార్థులు తామే గుణించి చూడవచ్చును. వ్యయము వాటా 2.9 నుండి 6కు పెరుగుట వలన వచ్చునది రెండు రెట్లకు కొంచెము పైన. తక్కిన సగము జాతీయాదాయపు పెరుగుదల వలన రావలెను. జాతీయాదాయము ఏటేట 6 శాతము చొప్పునను, జనాభా 2.1 శాతము చొప్పునను పెరుగునని సంఘము ఊహించినది. 6 శాతము చొప్పున ఇరువది సంవత్సరములు పెరిగిన మొత్తము 3.2 రెట్లగును, 2.1 శాతము చొప్పున పెరిగిన జనాభా 1.5 రెట్లగును. ఒకదానిని రెండవదానితో భాగించినచో తలసరి ఆదాయము 2.1 రెట్లు. వాటా పెంపు రెండు రెట్లు, ఆదాయపు పెంపు రెండు రెట్లు; గుణించినచో నాలుగు రెట్లకు పైన. లెక్కలో తప్పులేదు.

తప్పు ఊహలో ఉన్నది. 1950 నుండి 1980 వరకు మన జాతీయాదాయము సగటున ఏటికి సుమారు 3.5 శాతము చొప్పుననే పెరిగినది. ఆ వేగముతో ఇరువది సంవత్సరములలో ఆదాయము 3.2 రెట్లు కాదు, సుమారు 2 రెట్లు మాత్రమే అగును. అప్పుడు ప్రభుత్వములు మాట నిలుపుకొని 6 శాతమును పూర్తిగ ఇచ్చియుండినను, తలకు 54 రూపాయలకు బదులు సుమారు 33 రూపాయలే దక్కియుండెడివి. అనగా లక్ష్యమును ముట్టికూడ దేశము నివేదిక చూపిన గమ్యమునకు చాల దూరముననే నిలిచియుండెడిది.

భౌతికశాస్త్రవేత్త తన ప్రయోగములో ఒక రాశిని కొలిచినప్పుడు, ‘ఇందులో ఇంతవరకు హెచ్చుతగ్గులుండవచ్చును’ అని ప్రక్కనే వ్రాసికొనును. ఒక ప్రమేయము మారినచో ఫలితము ఎంత మారునో చూపును. ప్రయోగశాలలో ఈ క్రమశిక్షణకు అలవాటుపడిన అధ్యక్షుడు గల సంఘము, తన ఆర్థికాంచనాలో ఆదాయము మెల్లగ పెరిగినచో ముందు కాపాడవలసినదేది, తరువాత చూచుకొనదగినదేది అని ఖండితముగ చెప్పియుండినచో ఎంతో మేలుగ నుండెడిది. సొమ్ము చాలనప్పుడు ఏది మిగులవలెను? జీతములా, భవనములా, ప్రయోగములా? వందలకొలది సిఫారసులలో ఈ ప్రశ్నకు సమాధానము చెదరిపోయినది. నివేదికకు ప్రాణము పోసిన జె. పి. నాయక్ తానే ‘ది ఎడ్యుకేషన్ కమిషన్ అండ్ ఆఫ్టర్’ అను గ్రంథము వ్రాసి, సిఫారసులలో ఏవి ఏమైనవో తిరిగి లెక్క చూచుకొనెను. ఒక సంఘపు కార్యదర్శి తన పనిని తానే ఇట్లు తూకమువేసికొనుట అరుదు; అది ప్రశంసనీయము.

కొలబద్ద మారిన విధము

నివేదికలోని ఆరు శాతమునకు ఒక గడువు ఉన్నది: 1985-86. దాని తరువాత వచ్చిన పత్రములను వరుసగ చదివినచో ఆ గడువు ఏమైనదో తెలియును. 1968 నాటి జాతీయ విద్యావిధానము ఆరు శాతమును అంగీకరించినది, కాని సంవత్సరమును తీసివేసి వీలైనంత త్వరలో అన్నది. 1986 నాటి విధానము ఎనిమిదవ పంచవర్ష ప్రణాళిక మొదలుకొని వ్యయము ఆరు శాతమును మించునని చెప్పినది. ఆ ప్రణాళిక 1992లో మొదలై 1997లో ముగిసినది, వ్యయము మాత్రము ఆరును అందుకొనలేదు. 2020 నాటి విధానము మరల ఆరు శాతమునే చెప్పి, మరల వీలైనంత త్వరలో అన్నది. 2017-18 బడ్జెట్ అంచనాల ప్రకారము కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల మొత్తము విద్యావ్యయము సుమారు 4.43 శాతమని ఆ పత్రమే ఒప్పుకొన్నది.

ఇందులో ఇంకొక సూక్ష్మము ఉన్నది. 1966లోను, 1968లోను, 1986లోను చెప్పినది జాతీయాదాయములో ఆరు శాతము. 2020లో చెప్పినది స్థూల దేశీయోత్పత్తిలో ఆరు శాతము. ఈ రెండును ఒకటి కావు. యంత్రముల అరుగుదల మొదలగువానిని తీసివేయని కారణమున స్థూల ఉత్పత్తి పెద్ద రాశి. కావున అదే ‘6’ అను అంకె 2020లో అంతకుముందుకన్న పెద్ద మొత్తమును సూచించుచున్నది. ఇది సంతోషింపదగినదే. కాని ప్రమాణమును చెప్పకుండ అంకెను మాత్రము చెప్పిన విద్యార్థికి భౌతికశాస్త్ర పరీక్షలో మార్కులు పోవును. విద్యావ్యయమును గురించి వాదించు పెద్దలు ఈ నియమమును తరచు మరచుచున్నారు.

శాతమనునది నిష్పత్తి. నిష్పత్తి పెరుగుటకు లవము పెరుగనక్కరలేదు. హారము తగ్గినను చాలును. 2020-21లో మహమ్మారి వలన దేశపు ఉత్పత్తి కుంచించుకొనిపోయినది. అట్టి యేడాదిలో విద్యకు ఒక్క రూపాయి అదనముగ ఇయ్యకున్నను విద్యావ్యయపు శాతము కొంత పెరిగినట్లు కనబడును. ఆ పెరుగుదల వలన ఏ బడిలోను ఒక పరీక్షనాళిక అదనముగ రాదు. కావున ఆరు శాతమనునది దేశము చిత్తశుద్ధిని కొలుచు కొలబద్ద కావచ్చునుగాని, పాఠశాల స్థితిని కొలుచు కొలబద్ద కాజాలదు. దానికి వేరొక కొలత కావలెను.

బడికి చేరు రూపాయి

ఒక సులభమైన ప్రయోగమును తీసికొందురుగాక: జింకు ముక్కలపై సజల హైడ్రోక్లోరికామ్లము పోసి, వెలువడు హైడ్రోజన్ వాయువును పరీక్షించుట. ఉపాధ్యాయుడొక్కడు బల్లమీద చేసి చూపినచో ఒక పరీక్షనాళిక, కొన్ని జింకు ముక్కలు, కొద్దిపాటి ఆమ్లము చాలును. నలువదిమంది విద్యార్థులు నలుగురేసి చొప్పున తామే చేసినచో పది నాళికలు, పది రెట్లు జింకు, పది రెట్లు ఆమ్లము కావలెను. చూచుటకును చేయుటకును మధ్య నున్న భేదము పదార్థముల లెక్కలో పది రెట్లు. అంతేకాదు, ఆ జింకు కరిగిపోవును. మరుసటి యేడు మరల కొనవలెను. మెగ్నీషియము తీగ కాలిపోవును; లిట్మసు కాగితము అయిపోవును; ఓమ్ నియమమును సరిచూచు ఘటము నీరసించును; గాజు బీకరు ఎప్పుడో ఒకప్పుడు పగులును. సూక్ష్మదర్శినిని ఒకసారి కొన్నచో ఏండ్ల తరబడి నిలుచును. కాని ఉల్లిపొరకు వేయు రంగు ఏటేట కావలెను. ప్రయోగశాల భవనము వంటిది కాదు, వంటయిల్లు వంటిది. పొయ్యి ఉన్నంతమాత్రమున అన్నము ఉడుకదు. ప్రతిదినము బియ్యము కావలెను.

ప్రభుత్వ విద్యావ్యయములో అత్యధిక భాగము జీతములకు పోవును. అది తగినదే, ఉపాధ్యాయుడు లేని బడి బడి కాదు. తరువాత భవనములు. ఏటేట కరిగిపోవు వస్తువులకు దొరకునది చివర మిగిలినది. కొఠారీ సంఘమునకు ఈ ప్రమాదము తెలియకపోలేదు. జిల్లా పరిషత్తులకు రాష్ట్ర ప్రభుత్వము ఇచ్చు గ్రాంటును జీతభత్యములకు ఒకటి, తక్కిన వ్యయమునకు ఒకటి చొప్పున రెండుగ విడదీయవలెనని అది సూచించినది. జీతములు తక్కిన ఖర్చును మ్రింగివేయకుండుటకు ఇది మంచి కట్టుబాటు. తెలుగు జిల్లాలలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో పెక్కు జిల్లా పరిషత్తులవే గనుక ఈ సూచన ఇక్కడివారికి మరింత దగ్గరిది. కాని ఆరు శాతము నినాదమైనది. ఈ కట్టుబాటు అధ్యాయములోనే మిగిలిపోయినది.

తరువాతి కాలపు చరిత్రను చూడుడు. 2009లో ఆరంభమైన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ క్రింద ఉన్నత పాఠశాలకు ఏటేట 50,000 రూపాయల గ్రాంటు ఏర్పాటైనది. అందులో 25,000 రూపాయలు ప్రయోగశాల పరికరముల మరమ్మతుకు, వాడకపు వస్తువులకు. 10,000 పుస్తకములకు, పత్రికలకు. 15,000 నీరు, విద్యుచ్ఛక్తి, టెలిఫోను ఖర్చులకు అని పేరుపేరున నిర్ణయించిరి. మొత్తము పెద్దది కాదు. కాని అందు సగము ప్రయోగమునకని వ్రాసియున్నది.

2018లో వివిధ పథకములను ఏకముచేసి సమగ్ర శిక్ష అను పథకమును ఏర్పరచిరి. ఖర్చులో కేంద్రము 60 పాళ్లు, ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ వంటి రాష్ట్రములు 40 పాళ్లు భరింపవలెను. చిన్నచిన్న గ్రాంటులన్నిటిని కలిపి ‘కాంపోజిట్ గ్రాంటు’ అను ఒకే మొత్తము చేసిరి. హెడ్మాస్టరునకు స్వేచ్ఛ పెరిగినది. పద్దుకొక రసీదు, పద్దుకొక లెక్క అను చికాకు తగ్గినది. ఇది మేలే. అయితే ఈ ఒక్క మొత్తమునుండియే పనిచేయని పరికరముల మార్పిడి, ప్రయోగశాల ఖర్చు, విద్యుచ్ఛక్తి బిల్లు, ఇంటర్నెట్, నీరు, బోధనోపకరణములు, భవనపు చిన్న మరమ్మతులు అన్నియు జరుగవలెను. కనీసము పదవవంతు పరిశుభ్రతకు కేటాయింపవలెను. గ్రంథాలయమునకును, ఆటలకును వేరుగ పద్దులు మిగిలినవి. ప్రయోగశాలలోని వాడకపు వస్తువులకు మాత్రము పేరుగల వార్షిక పద్దు పోయినది.

విద్యుచ్ఛక్తి బిల్లు చెల్లింపకున్నచో కనెక్షను తీసివేయుదురు. పైకప్పు కారుచున్నచో పిల్లలు తడియుదురు. జింకు కొనకున్నచో ఏమగును? పైకి ఏమియు కాదు. పాఠము చదివి వినిపింపవచ్చును, బొమ్మ గీయవచ్చును, పరీక్ష వ్రాయించవచ్చును. అడుగువారు లేని ఖర్చు గనుక అది వాయిదాపడును. ఇందులో హెడ్మాస్టరుల దోషము లేదు. ఏ గృహస్థుడైనను అట్లే చేయును.

మెట్ల లెక్క

2021-22 నుండి 2025-26 వరకు ఆమోదింపబడిన సమగ్ర శిక్ష నియమములలో కాంపోజిట్ గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి ఇట్లున్నది: 30 వరకు 10,000 రూపాయలు, 31 నుండి 100 వరకు 25,000, 101 నుండి 250 వరకు 50,000, 251 నుండి 1,000 వరకు 75,000, అంతకు పైన 1,00,000.

దీనిని గణితపు తరగతిలో చక్కని అభ్యాసముగ వాడుకొనవచ్చును. అడ్డగీతపై విద్యార్థుల సంఖ్యను, నిలువుగీతపై తలకు వచ్చు రూపాయలను గుర్తించి రేఖాచిత్రము గీయించవలెను. 30 మంది గల బడికి తలకు 333 రూపాయలు. ఒక్క పిల్లవాడు చేరి 31 అయినచో 806. అక్కడనుండి జారుచు 100 మంది వద్ద 250. మరి యొక్కరు చేరి 101 అయినచో 495. మరల జారి 250 మంది వద్ద 200. 251 వద్ద 299. 1,000 మంది వద్ద 75. గీత రంపపు పళ్లవలె లేచుచు పడుచుండును. ఒక గ్రామములో 31 మందిలో ఒక కుటుంబము వలసపోయి ఒక పిల్ల తగ్గినచో ఆ బడికి 15,000 రూపాయలు తగ్గును. వేయిమంది గల పెద్ద బడికి వచ్చునది 251 మంది గల బడికి వచ్చునదియే. ప్రకృతిలో ఏ అవసరమును ఇట్లు హఠాత్తుగ ఎగిరిపడదు.

అంతకన్న పెద్ద లోపము మరియొకటి. ఈ లెక్క తలలను చూచును గాని తరగతులను చూడదు. 200 మంది గల ప్రాథమిక పాఠశాలకును, 200 మంది గల ఉన్నత పాఠశాలకును వచ్చునది అదే 50,000. మొదటిదానికి ప్రయోగశాల లేదు. రెండవదానికి భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును ఉన్నవి. 50,000లో పదవవంతు పరిశుభ్రతకు పోగా 45,000 మిగులును. నెలకు 3,750 రూపాయలు. పై ఖర్చులన్నియు అందులోనే. ఈ లెక్క చూచిన తరువాత, ప్రయోగములేల చేయించలేదని ఉపాధ్యాయుని అడుగుటకు నోరు రాదు.

అయితే మెట్ల పద్ధతిలో ఒక సదుద్దేశము లేకపోలేదు. బడి ఎంత చిన్నదైనను గంట, దీపము, నీటిబిందె తప్పవు. ఆ స్థిరవ్యయమునకై చిన్న బడికి తలకు ఎక్కువ దక్కవలెను. కాని దీనికి మెట్లు అక్కరలేదు. ప్రతి బడికి ఒక స్థిరమొత్తము, దానిపై తలకింత చొప్పున మరికొంత ఇచ్చినచో చాలును. ఉన్నత పాఠశాల విద్యార్థులు నేర్చు సరళరేఖా సమీకరణమే ఇది. ఉదాహరణకు మాత్రమే 20,000 స్థిరమొత్తము, తలకు 150 అనుకొనినచో 30 మంది బడికి 24,500; 31 మంది బడికి 24,650; 250 మంది బడికి 57,500; వేయిమంది బడికి 1,70,000. ఒక పిల్ల తగ్గినచో 150 మాత్రమే తగ్గును. పై తరగతుల పిల్లలకు తలకు ఇచ్చు మొత్తమును కొంత హెచ్చించినచో ప్రయోగశాల ఖర్చునకును తోవ దొరకును.

పేరుగల సొమ్ము

‘పద్దునకు పేరు పెట్టినంతమాత్రమున పని జరుగునా?’ అని సందేహింపవచ్చును. కొఠారీ నివేదిక చరిత్రలోనే దీనికి జవాబు ఉన్నది. ఉన్నతవిద్యను ప్రాంతీయభాషలలో బోధింపవలెనని ఆ నివేదిక గట్టిగ చెప్పినది. అందుకు పుస్తకములు లేవని అందరు అడ్డు చెప్పిరి. అప్పుడు కేంద్ర ప్రభుత్వము విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకములను ప్రాంతీయభాషలలో తయారుచేయుటకని రాష్ట్రమునకు ఒక్క కోటి రూపాయల చొప్పున సహాయము ఏర్పరచినది. ఆంధ్ర ప్రదేశ్‌లో 1968లో తెలుగు అకాడమి నెలకొన్నది. ఇంటర్మీడియెట్ మొదలు పై తరగతుల వరకు శాస్త్రగ్రంథములు, పారిభాషిక పదకోశములు తెలుగులో వెలువడినవి. ఆ గ్రంథముల భాష కఠినమని విమర్శలు లేకపోలేదు. అయినను సొమ్ము ఎందుకో తెలిసియున్నది; దానిని అందుకొని పనిచేయు సంస్థ ఉన్నది; ఫలము చేతికి వచ్చినది.

ఒక కోటి రూపాయలు జాతీయాదాయములో ఎన్నవ వంతో ఎవ్వరును లెక్కింపలేదు. లెక్కించియుండినచో నగ్నముగ శూన్యమువలె కనబడెడిది. కాని తెలుగు మాధ్యమములో ఇంటర్మీడియెట్, డిగ్రీ చదివిన వేలమంది చేతులలో అది పుస్తకమై నిలిచినది.

చేయవలసినది

ఆరు శాతపు కోరికను విడిచిపెట్టుమని ఈ విమర్శకు అర్థము కాదు. అది తప్పక కావలెను. ఎప్పటికి అను గడువుతో సహా కావలెను. కాని దానితోపాటు నాలుగు చిన్న పనులు జరుగవలెను.

మొదటిది, కాంపోజిట్ గ్రాంటులో ఉన్నత పాఠశాలలకు ప్రయోగపు వాడకపు వస్తువులకని ఒక కనీసభాగమును పేరు పెట్టి వేరుచేయవలెను. పరిశుభ్రతకు పదవవంతు వేరుచేయగలిగినవారికి ఇది అసాధ్యము కాదు. రెండవది, మెట్లను తీసివేసి, స్థిరమొత్తము, తలకింత అను పద్ధతి పెట్టి, తరగతి స్థాయిని బట్టి హెచ్చింపవలెను. మూడవది, సొమ్ము బడి తెరచు జూన్ నెలకు చేతికందవలెను. మార్చిలో వచ్చిన సొమ్ముతో సున్నము వేయింపవచ్చును గాని, జూలైలో చెప్పిన పాఠమునకు ప్రయోగము చేయింపలేరు. నాలుగవది, పగిలిన గాజుసామాను విషయమున స్టాకు రిజిస్టరు నియమములను సడలింపవలెను. బీకరు పగిలినచో తన జేబునుండి కట్టవలసివచ్చునని భయపడు ఉపాధ్యాయుడు బీరువా తాళము తీయడు. పగులుట వాడకమునకు గుర్తు. ఏటేట కొంతశాతము పగులునని ముందే లెక్కలో చేర్చవలెను.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటియు జాతీయాదాయపు పెరుగుదలకై వేచియుండనక్కరలేదు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూడ చేయదగినది ఒకటి ఉన్నది. బడికి ఈ యేడు వచ్చిన గ్రాంటు ఎంత, అందులో ప్రయోగములకు పోయినది ఎంత, విద్యార్థులు తమ చేతులతో చేసిన ప్రయోగములు ఎన్ని అను మూడు అంకెలను బడి గోడపై వ్రాయించవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఏర్పరచిన యాజమాన్య సంఘములు ఎనిమిదవ తరగతి వరకే చూచును; వాటి వాడుకను ఉన్నత తరగతులకును విస్తరింపజేయుట కష్టము కాదు.

కొఠారీ నివేదిక దేశమునకు ఒక గొప్ప దృష్టిని ఇచ్చినది. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు విజ్ఞానశాస్త్రమును నేర్వవలెనని ఆనాడే నిశ్చయముగ చెప్పిన గ్రంథమది. దాని లోపమెల్ల, ఆ దృష్టిని నెరవేర్చు భారమును అతి పెద్ద అంకెపై మోపుట. పెద్ద అంకె ఢిల్లీలో తయారగును. దానిని నిలువరించుటకు నూరు కారణములు దొరకును. చిన్న అంకె బడిలో తయారగును. పదవ తరగతి విద్యార్థిని తన చేతితో ఆమ్లము పోసి, నాళిక మూతివద్దకు మండుచున్న పుల్లను తెచ్చి, ‘టప్’మను చిన్న శబ్దమును వినినదా లేదా అను ప్రశ్నకు జాతీయాదాయపు శాతము సమాధానము చెప్పదు. ఆ గోడమీది మూడు అంకెలు చెప్పును.